తలుపు అవతలి మాట

"బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టకు! అందులో మీ యంత్రం ఉంది!"

అత్తగారి కేక వంటింట్లోంచి వీధి మలుపు దాకా వినబడి ఉంటుంది. ఆ ఇంట్లో ఆవిడ మాట ఎప్పుడూ కేకే. కొడుక్కి చెవులు పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఎవరితో మాట్లాడినా ఏటి అవతల ఉన్నవాళ్ళని పిలిచినట్టే ఉంటుంది.

చేతిలో గ్లాసుతో కోడలు అలాగే నిలబడిపోయింది.

"బియ్యంలోనా? ఎందుకత్తయ్యా?"

"తడిసిపోతే మరేం చెయ్యను? మీ మామయ్యగారి గడియారం తడిసినప్పుడు ఇలాగే ఆరబెట్టాం. అది ఆయనకంటే ఎక్కువ కాలం బతికింది."

"తడవడమేంటి? ఎలా తడిసింది?"

అత్తగారు ముందుగది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. తగ్గించిందంటే, మామూలు మనుషులు మాట్లాడేంతకి దిగిందన్నమాట.

"వాడే వేశాడు. మంచినీళ్ళ గ్లాసులో వేసి, పైన మూత కూడా పెట్టాడు."

కోడలు బియ్యంలోకి చెయ్యి పోనిచ్చి వెతికింది. వేళ్ళకి తగిలింది. చిటికెనవేలి చివరంత ముక్క, దానికో సన్నటి తీగ. నాలుగేళ్ళ చదువూ, నిద్రా, కళ్ళ కింద నలుపూ అన్నీ కలిపితే ఆ ముక్క. వీధిలో అందరూ ఆమెని ప్రొఫెసరమ్మ అంటారు. అత్తగారు కూడా అంటుంది, ముద్దొచ్చినప్పుడూ, ఒళ్ళు మండినప్పుడూ.

వినికిడి తగ్గినవాళ్ళ కోసం యూనివర్సిటీలో మూడు శాఖలు కలిసి చేస్తున్న పని అది. యంత్రం ప్రొఫెసరమ్మది. చెవుల పరీక్షలు వైద్య కళాశాల డాక్టరుగారివి. యంత్రం పెట్టుకున్నాక ఇంట్లో మనుషుల మధ్య ఏం మారిందో ఇల్లిల్లూ తిరిగి అడిగే పని సామాజిక శాస్త్రం అమ్మాయిది. ఆ అమ్మాయికి అత్తగారు 'ప్రశ్నల పిల్ల' అని పేరు పెట్టేసింది.

ఒప్పుకున్న ఇళ్ళల్లో వీళ్ళ ఇల్లూ ఒకటి. భర్త తనంతట తనే వస్తానన్నాడు. శుక్రవారం డాక్టరుగారు యంత్రం అమర్చి పంపించారు. సొంత మనిషి పరీక్షల దగ్గర ఉండకూడదు కాబట్టి ప్రొఫెసరమ్మ ఆ దరిదాపులకి వెళ్ళలేదు. ఆ రోజు కొలతలే తీస్తారనీ, యంత్రం సోమవారం ఇస్తారనీ అనుకుంది. సాయంత్రం అత్తగారు చెబితేనే తెలిసింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి "ఎలా ఉంది?" అని అడిగితే, "బాగుంది" అని చెవి నుంచి తీసి బల్ల మీద పెట్టాడు.

అంతే. అప్పట్నుంచి మనిషికి ఉలుకూ పలుకూ లేదు.

*

ముందుగదిలో అతను ప్రూఫులు దిద్దుతున్నాడు. ఇరవై ఏళ్ళు అచ్చు యంత్రాల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాక, అదే అచ్చాఫీసు వాళ్ళు ఇంటికి పంపించే పని ఇది. చెవులతో అవసరం లేదు. ఎర్ర పెన్నూ, కళ్ళూ ఉంటే చాలు.

ఆమె వెళ్ళి ఎదురుగా కూర్చుంది. అతను పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. అందుకని అతనితో మాట్లాడాలంటే ఎవరైనా ఎదురుపడాల్సిందే.

"నొప్పి పెడుతోందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"హోరుగా ఉందా? పాత యంత్రాలకి వచ్చినట్టు? ఏమండీ, ఏదో ఒకటి చెప్తే కదా సరిచేసేది."

"సరిచెయ్యడానికేం లేదు. బాగా పని చేస్తోంది."

"మరి నీళ్ళల్లో ఎందుకు వేశారు?"

"దానికి దాహం వేస్తోందేమోనని."

ఇంకెప్పుడైనా అయితే అది హాస్యమే. ఆమె నవ్వబోయింది. అతని మొహంలో నవ్వు లేదు. అతను తల దించుకుని కాగితాల్లోకి వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళు తల దించుకుంటే తల దించుకున్నట్టే. అతను దించుకున్నాడంటే చెవులు మూసుకున్నట్టు. ఇక ఆ గదిలో ఎంత మాట్లాడినా గాలికి పోతుంది. ఆమె కాసేపు అతని నడినెత్తి వైపు చూస్తూ కూర్చుంది. జుట్టు పల్చబడుతోంది. ఎప్పుడు మొదలైందో ఆమె గమనించనే లేదు.

*

యంత్రానికి ఏమీ కాలేదు. ల్యాబులో విప్పి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి చూసింది. చక్కగా పని చేస్తోంది. తప్పెక్కడైనా దొరికితే బాగుండునని ఆమె అంత గట్టిగా కోరుకున్న రోజు ఇంకోటి లేదు.

డాక్టరుగారికి ఫోన్ చేసింది.

"చెవుల్లో ఏ తేడా లేదమ్మా. శనివారం ఆయనే వచ్చారు నా దగ్గరికి. ఇది ఎంత దూరం నుంచి మాట పట్టుకుంటుందని అడిగారు. గది దాటదన్నాను. నవ్వి వెళ్ళిపోయారు."

ఫోన్ పెట్టేసరికి ప్రశ్నల పిల్ల సంచీ భుజాన వేసుకుని లోపలికొచ్చింది. సోమవారం వాళ్ళింటికి వచ్చి వెళ్ళింది ఆ అమ్మాయి.

"మా ఆయన నీతో గంటసేపు మాట్లాడారటగా? మా అత్తగారు చెప్పారు. నాతో నాలుగు ముక్కలు మాట్లాడితే ఒట్టు."

ఆ అమ్మాయి సంచీ తాడు సర్దుకుంది. "మాట్లాడారు మేడమ్."

"ఏమన్నారు?"

"అది అడక్కండి. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాకే చెప్పారు."

"నేను ఆయన భార్యనమ్మా."

"అందుకే, మేడమ్."

ప్రొఫెసరమ్మకి చురుక్కుమంది. తాను పెట్టిన నియమమే అది. మొదటి సమావేశంలో ఇంట్లోవాళ్ళు చెప్పింది ఇంట్లోవాళ్ళ దాకా కూడా వెళ్ళకూడదని బల్ల గుద్ది చెప్పింది తనే.

"సరే, ఒక సాయం చెయ్యి. నేను ఇది పెట్టుకుని లోపల కూర్చుంటాను. నువ్వు తలుపేసి వరండాలో నిలబడి మాట్లాడు."

పరీక్ష గదిలో కూర్చుని యంత్రం చెవికి తగిలించుకుంది. తలుపు అవతల పిల్ల ఏదో చెబుతోంది. దూరంగా ఈగలు రొద పెడుతున్నట్టుంది తప్ప మాట తెలియడం లేదు. అనుకున్నట్టే, గది దాటడం లేదు. లేవబోయింది.

అప్పుడు గుర్తొచ్చింది.

ఈ యంత్రం గొప్పదనమంతా ఒక్కటే. వందమంది మాట్లాడుతున్నా అందులోంచి ఒక్క గొంతు ఏరుకుని చెవికి అందిస్తుంది. ఏ ఇంటి యంత్రానికి ఆ ఇంట్లో ఎవరి గొంతు కావాలో ముందే నేర్పించాలి. భర్త యంత్రానికి ఆమె తన గొంతే నేర్పించింది. ఓ ఆదివారం ఒక్కతే ఇక్కడ కూర్చుని, తోచిన మాటలు చెబుతూ రికార్డు చేసింది.

తలుపు తీసి పిల్లని పిలిచింది. "ఈ ఫోన్లో రికార్డు చేసిన నా గొంతు ఉంది. సౌండ్ తగ్గించి, అదే చోట నిలబడి వినిపించు."

తలుపు పడింది. ఆమె కూర్చుంది.

"గొడుగు తీసుకెళ్ళండి, మబ్బు పట్టింది. మంచినీళ్ళు తాగారా? ఇవాళ ఎవరొచ్చారో చెప్పుకోండి చూద్దాం."

పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు ఉంది. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. మధ్యలో గోడ, మూసిన తలుపు. వాటి వెనక నుంచి కూడా యంత్రం ఆ గొంతుని వదలడం లేదు. ఎవరూ ఊహించని ఫలితం అది. పక్క శాఖవాళ్ళు విన్నారంటే భుజం తట్టి మిఠాయి పంచమంటారు.

ఆమె యంత్రం చెవి నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు పొరుగింటికి వెళ్ళింది. భర్త ఆస్పత్రి నుంచి వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. తను వంటింట్లో కుళాయి కింద గిన్నెలు కడుగుతూ, ఫోన్ స్పీకర్లో పెట్టి అక్కతో మాట్లాడింది. మధ్య తలుపు వేసే ఉంది. గొంతు మాత్రం తగ్గించలేదు. ఆ ఇంట్లో దాచుకోవలసిన మాటకి గొంతు తగ్గించే అలవాటు పోయి చాలా కాలమైంది.

"మేడమ్?" పిల్ల తలుపు తోసుకుని వచ్చింది. "వినబడిందా?"

"వినబడింది."

ఆ అమ్మాయి ఆమె మొహం చూసి ఇంకేమీ అడగలేదు. ప్రశ్నల పిల్ల ప్రశ్న వెయ్యకపోవడం అదే మొదటిసారి.

*

సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా ముందుగదిలోకి వెళ్ళింది. లైటు తన మొహం మీద పడేలా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"శుక్రవారం మీరు విన్నారు కదూ?"

అతను పెన్నుకి మూత పెట్టాడు.

"విన్నాను."

"ఎంత?"

"మీ అక్క అన్నవి తప్ప అన్నీ."

అతను ప్రూఫు చదివినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "ఆయన పక్కన కూర్చుంటే గోడ పక్కన కూర్చున్నట్టుంటుంది అక్కా. గోడైనా నయం, తల ఆనించుకోవచ్చు, అన్నావు. కావాలంటే కామా ఎక్కడ వచ్చిందో కూడా చెబుతాను."

"ఏదో కోపంలో అన్నాను."

"నీ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది." అతను కాగితాల అంచులు సరిచేశాడు. "ఆ రోజు వచ్చానని నీకు కావాలనే చెప్పలేదు. యంత్రం పెట్టుకుని మెల్లిగా వచ్చి కూర్చున్నాను, నువ్వు బయటికొచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోవాలని. లోపల్నుంచి నీ గొంతు వినబడింది. పదేళ్ళయింది నీ గొంతు విని. అదెలా ఉంటుందో కూడా మర్చిపోయాను. ముందు మాటలు తెలియలేదు, గొంతే తెలిసింది. అబ్బ, ఎంత బాగుంది అనుకున్నాను. పెన్ను పక్కన పెట్టి కళ్ళు మూసుకుని కూర్చున్నాను."

పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"తర్వాత మాటలు అర్థమయ్యాయి."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. గోడ వైపు చూస్తూ ఏదో అంది.

"ఇటు తిరిగి చెప్పు. అలా అయితే నాకు తెలియదు."

ఆమె తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు. "మీకు వినబడదని కాదు నా బాధ. మీరు నాకేమీ చెప్పరు. చెవులు పోతే పోయాయి, నోరెందుకు కట్టేసుకున్నారు? అత్తయ్యతో నవ్వుతారు. ఆ పిల్లతో గంటసేపు కబుర్లు చెబుతారు. నేను వచ్చి కూర్చుంటే తల దించుకుంటారు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది. ఆ మాట ఎవరికి చెప్పుకోను? అక్కకి చెప్పుకున్నాను."

"నువ్వొచ్చి కూర్చుని ఏమంటావు? నొప్పిగా ఉందా, హోరుగా ఉందా, ఎడమ పక్క ఎంత, కుడి పక్క ఎంత. ఆస్పత్రిలోనూ అవే, ఇంట్లోనూ అవే. ఆ పిల్ల ఏమడిగిందో తెలుసా? చెవులు పోయాక ఏ చప్పుడు కోసం బెంగ పెట్టుకున్నారని అడిగింది. పదేళ్ళలో నువ్వోసారి అడిగావా?"

"ఏం చెప్పారు?"

"అది ఆ పిల్లకి చెప్పాను."

లోపల్నుంచి అత్తగారు, "కాఫీ పెట్టమంటారా?" అని అరిచింది. ఇద్దరిలో ఒకరికి వినబడలేదు. రెండోవాళ్ళు జవాబు చెప్పలేదు.

"ఆ ఉద్యోగం సంగతి కూడా..." వేరే ఊరి యూనివర్సిటీ వాళ్ళు రమ్మన్న సంగతి అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు ఆమె.

"వెళ్ళు. మంచి ఉద్యోగం. మీ అక్కతో మాట్లాడినంతసేపట్లో నీ గొంతులో వెలుగొచ్చింది ఆ ఒక్క చోటే. నేను విన్నాగా."

"ఉండమని ఒక్క మాట అనరా?"

ఆమె లైటు కిందే ఉంది. మొహం అతని వైపే ఉంది. అతని కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి.

"వినబడలేదు," అన్నాడు.

ఆమె ఆ మాట రెండోసారి అడగలేదు.

అతను లేచి కిటికీ రెక్క దగ్గరగా వేశాడు. వెనక్కి తిరిగి, పని సంగతి మాట్లాడినంత మామూలుగా చెప్పాడు.

"పరీక్షలు మధ్యలో వదిలేసి నీకు చెడ్డపేరు తేను. మళ్ళీ పెట్టుకుంటాను. నీ గొంతు మాత్రం తీసెయ్యి. అమ్మ గొంతు పెట్టు."

*

ల్యాబులో మైకు ముందు కూర్చోబెట్టగానే అత్తగారు కొంగు సర్దుకుంది, ఫోటో తీస్తున్నట్టు.

"మామూలుగా మాట్లాడండత్తయ్యా. అరవకండి."

"ఇది మామూలే."

మీటర్ల సూదులన్నీ ఎర్ర గీత దాటి కొట్టుకుంటున్నాయి. అద్దం అవతలి గదిలో ఎవరో ఉలిక్కిపడి తలెత్తారు.

"ఆయనకి ఇక మామూలుగా అన్నా వినబడుతుంది. అందుకే కదా ఇదంతా."

ఆవిడ కాసేపు మైకు వైపు అనుమానంగా చూసింది. తర్వాత మెల్లిగా అంది. "ఒరేయ్ చిన్నా, తిన్నావా?"

కోడలు చేతిలో పని ఆపేసింది. పదేళ్ళుగా కేకలే వింటూ ఆవిడ గొంతు ఇంత మెత్తగా ఉంటుందని ఆమె మర్చిపోయింది.

"నీ గొంతుండగా మళ్ళీ నాదెందుకే ప్రొఫెసరమ్మా?"

"మీదైతే యంత్రం బాగా పట్టుకుంటుందత్తయ్యా."

"ఓహో," అంది అత్తగారు. కోడలి వైపు ఓ క్షణం ఎక్కువ చూసింది.

ఆవిడని ఆటో ఎక్కించి వచ్చి, ప్రొఫెసరమ్మ తన గొంతు తీసేసింది. దానికి పెద్ద పనేం లేదు. ఒక మీట నొక్కితే పోయింది. గొడుగు తీసుకెళ్ళమన్న మాట, మంచినీళ్ళు తాగారా అన్న మాట, ఎవరొచ్చారో చెప్పుకోమన్న మాట. అన్నీ కలిపి ఒక్కసారే పోయాయి.

ఫోన్ మోగింది. ఆ వేరే ఊరి యూనివర్సిటీ నుంచి శాఖ పెద్దాయన. "ఇంకా ఆలోచనలోనే ఉన్నారా మేడమ్? మాకూ ఏదో ఒకటి తేలాలి కదా."

ఖాళీ గదిలో ఆమె మైకు వైపు చూస్తూ నిలబడింది.

"వస్తానండీ," అంది.

*

వారం తిరక్కుండానే అతను కొత్త గొంతుతో యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు వంటింట్లోంచి నెమ్మదిగా, "చిన్నా, ఆ సన్న గళ్ళ చొక్కా ఉతికేశాను రా," అంది. అతను కాగితాల మీద నుంచి తలెత్తి, "అదెందుకు, నిన్న ఒక్కరోజే కదా తొడుక్కున్నాను," అన్నాడు. ఆవిడ బయటికి పరిగెత్తుకొచ్చి కొడుకు రెండు చెంపలూ పట్టుకుంది. ఇద్దరూ నవ్వారు. అతను అలా పెద్దగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ప్రొఫెసరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తను చేసిన యంత్రమే. తన ఇల్లే. పొరుగింటి కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టుంది.

అత్తగారు లోపలికెళ్ళాక, "ఏమండీ," అంది ఆమె.

అతను వెనక్కి తిరగలేదు. ఎర్ర పెన్ను గీత గీస్తూ ముందుకు పోతోంది.

ఎదురుగా వెళ్ళి చెప్పాలి. లైటు కింద కూర్చుని, పెదాలు కనబడేలా చెప్పాలి. మూడు రోజులుగా రోజూ అనుకుంటోంది, రోజూ మొహం చాటేస్తోంది. అతని వీపు వైపు చూస్తే మాత్రం మాట తనంతట తనే వచ్చేసింది.

"వాళ్ళకి వస్తానని చెప్పేశానండీ. వచ్చే నెల వెళ్ళిపోవాలి. మీతో ముందు చెప్పలేకపోయాను. మీరు ఉండమంటారేమోనని చూశాను."

పెన్ను ఆగలేదు.

వెనక గిన్నె చప్పుడైంది. ఆమె తిరిగి చూసింది. వంటింటి తలుపులో అత్తగారు నిలబడి ఉంది. ఆవిడ చెవులు ఎప్పుడూ పాముచెవులే. ఆవిడ పెదాలు కదిలాయి. "ఏంటే నువ్వనేది?"

ఆ గొంతుకి అతను ఇటు తిరిగాడు. తల్లి మొహం చూశాడు. భార్య మొహం చూశాడు.

"ఏమంటోందమ్మా?"

అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో ప్రొఫెసరమ్మకి అంతుపట్టలేదు. కోపమా, జాలా, ఇంకేదైనా అడుగుతోందా. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, చాలా మెల్లిగా అంది.

"ఏం లేదురా చిన్నా. కూర మాడుతోందంటోంది."

అతను ముక్కు ఎగబీల్చాడు. పెన్ను బల్ల మీద పెట్టి లేచి, ఇద్దర్నీ దాటుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి లోపలికి చూశాడు.

"పొయ్యి ఇంకా వెలిగించనే లేదు కదమ్మా," అన్నాడు.